హాస్టల్‌లో పెట్టె తెరిచి డైరీ చదివారు. భద్రత పేరుతో ఇంత కట్టడి చేస్తే పిల్లలు ఇక పెద్దల్ని నమ్ముతారా?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, రెసిడెన్షియల్ కాలేజీలో ఉంది. సెల్‌ఫోన్ల కోసం రాత్రిపూట పెట్టెలు వెతికినప్పుడు తన డైరీ దొరికింది. వార్డెన్ అందులో రెండు పేజీలు ఫొటో తీసి మీవారికి వాట్సాప్‌లో పంపారు. ఆదివారం ఫోన్‌లో మీవారు దాని గురించే గట్టిగా అడిగారు. ఆ మాటలన్నీ స్పీకర్‌లో, వార్డెన్ ముందే జరిగాయి. అప్పటి నుంచి 'బాగున్నా, తిన్నా, చదువుకుంటున్నా' తప్ప నాలుగో మాట లేదు. కాలేజీని అడిగితే 'అంతా పిల్లల సేఫ్టీ కోసమేనండీ' అంటున్నారు. ఈ కట్టుదిట్టం నిజంగా మంచిదేనా, దీనివల్ల పిల్లకు పెద్దల మీద నమ్మకం పోదా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కట్టుదిట్టం వల్ల నమ్మకం పోదు. చాటుగా చేసే పనుల వల్ల పోతుంది. గేటుకు తాళం వేసినా, అవుట్‌పాస్ లేనిదే బయటికి పంపకపోయినా పిల్లలు విసుక్కుంటారు, తిట్టుకుంటారు, మర్చిపోతారు. డైరీ చదివితే మాత్రం మర్చిపోరు. మీ పాప విషయంలో దెబ్బ తగిలింది, అందులో అనుమానం లేదు. అది మానుతుంది కూడా. కానీ మొదటి అడుగు వేయాల్సింది కాలేజీ కాదు, మీ ఇంట్లోవాళ్లే. ఏం చేయాలో కింద రాశాను. దానికంటే ముందు, ఎందుకు ఇలా అంటున్నానో చెప్పాలి.

నేను ఇరవై ఆరేళ్లు ఫిజిక్స్ చెప్పాను. మొదటి ఆరేళ్లు ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలో పాఠం చెబుతూనే అమ్మాయిల హాస్టల్‌లో ఫ్లోర్ ఇన్‌చార్జిగా ఉన్నాను. ఆ తర్వాత ప్రభుత్వ బాలికల గురుకులాల్లో డిప్యూటీ వార్డెన్‌గా, చివరి తొమ్మిదేళ్లు ప్రిన్సిపాల్‌గా పనిచేశాను. అంటే మీరు చెబుతున్న తనిఖీలు నేను బయట నుంచి చూసినవి కావు, నా చేతులతో చేసినవి.

2003-04 ప్రాంతం. పిల్లల చేతికి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఫలానా ఫ్లోర్‌లో ఫోన్ ఉందని మేనేజ్‌మెంట్‌కు సమాచారం వచ్చింది. రాత్రి ఒంటిగంటకు లైట్లు వేసి, నిద్రపోతున్న పిల్లల్ని వరండాలో నిలబెట్టి, నలభై ట్రంకు పెట్టెలు బోర్లించాం. బట్టలు, ఆవకాయ సీసాలు, దేవుడి పటాలు, నెలసరి గుడ్డలు అన్నీ నేల మీద కుప్ప. పిల్లలు ఒకరి వస్తువులు ఒకరు చూస్తున్నారు. తలలు ఎత్తలేదు. రెండు ఫోన్లు దొరికాయి. మర్నాడు మీటింగ్‌లో మా పనికి మెచ్చుకోలు కూడా వచ్చింది.

సుమారు నెలన్నర తర్వాత అదే ఫ్లోర్‌లో ఒక అమ్మాయికి జ్వరం వచ్చింది. మూడు రోజులు ఎవరూ మాకు చెప్పలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మెస్‌లో వడ్డించే అక్క ఆ పిల్ల కళ్లు పచ్చబడ్డాయని పట్టుకుంది. కామెర్లు. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, 'జ్వరం మాత్రలు ఎన్ని వేశారు?' అప్పుడు బయటపడింది. గదుల్లో మందులు ఉంచుకోకూడదని మా రూల్. స్నేహితురాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న పారాసిటమాల్‌ను సబ్బు పొడి డబ్బాలో దాచి, పూటకు ఒకటి చొప్పున ఆ పిల్లకు వేస్తున్నారు. లివర్ దెబ్బతిన్న మనిషికి ఆ మాత్ర ఎంత ప్రమాదమో వాళ్లకేం తెలుసు?

ఆ పిల్ల కోలుకుంది. వాళ్లలో ఒకమ్మాయిని కూర్చోబెట్టి, నాకెందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. 'చెబితే మాత్రలు ఎక్కడివని అడుగుతారు, మళ్లీ అందరి పెట్టెలూ తీస్తారు మేడమ్' అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఆ ఒక్క మాటతో నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, హాస్టల్‌లో అసలైన సమాచారం పెట్టెల్లో ఉండదు, పక్క మంచం మీద ఉంటుంది. ఎవరు రెండు రోజులుగా అన్నం తినడం లేదు, ఎవరు బాత్రూమ్‌లో ఏడుస్తున్నారు, ఎవరు చేయి కోసుకుంటున్నారు, ఎవరిని ఊళ్లో ఏ మావయ్య ఇబ్బంది పెడుతున్నాడు, ఇవన్నీ ముందు తెలిసేది తోటి పిల్లలకే. ఆ పిల్లలు మన దగ్గరికి వచ్చి చెప్పాలి. రావాలంటే, వస్తే తమకు గానీ తమ స్నేహితురాలికి గానీ చెడు జరగదన్న నమ్మకం ఉండాలి. ఆ రాత్రి మేం రెండు ఫోన్లు పట్టుకుని నలభై మంది కబుర్లు పోగొట్టుకున్నాం.

ఇది మన హాస్టళ్ల సంగతే కాదు. అమెరికాలో 1974 నుంచి 2000 వరకు బడుల మీద జరిగిన 37 దాడులను అక్కడి సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. పదింట ఎనిమిదికి పైగా దాడుల్లో, చేయబోతున్న పని గురించి ముందే కనీసం ఒకరికి తెలుసు. ఆ తెలిసినవాళ్లు దాదాపు అందరూ తోటి పిల్లలే. స్నేహితులు, క్లాస్‌మేట్లు, తోడబుట్టినవాళ్లు. అక్కడి ప్రమాదం తుపాకీ, ఇక్కడి ప్రమాదం వేరు. కానీ సంగతి ముందుగా తెలిసేది ఎవరికంటే రెండు చోట్లా ఒకటే జవాబు. మన వాళ్ల పిల్లలు ఎందరో చదువుతున్న డల్లాస్ వైపు, 2022లో టెక్సాస్‌లోని ఉవాల్డే ఊళ్లో ఒక బడిలో కాల్పులు జరిగిన తర్వాత అక్కడి ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు లోపలివి కనిపించే సంచులు తప్పనిసరి చేశారు. అంత భయంలో కూడా, సొంత వస్తువులకని సంచి లోపల బయటికి కనిపించని చిన్న పర్సు ఒకటి ఉంచుకోనిచ్చారు. నాకు ఆ చిన్న పర్సు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది.

ఇక డైరీ గురించి. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. గురుకులంలో చేరిన కొత్తలో దసరా సెలవుల తర్వాత తనిఖీ చేస్తుంటే, ఒక పదో తరగతి అమ్మాయి పెట్టె అడుగున లాంగ్ నోట్‌బుక్ దొరికింది. తెరిచాను. చదివాను. ఊళ్లో ఒక అబ్బాయి గురించి నాలుగు పేజీలు, వాళ్ల నాన్న తాగుడు గురించి అంతకంటే ఎక్కువ పేజీలు ఉన్నాయి. నాకు ఆ అబ్బాయి పేజీలే కనబడ్డాయి. వాళ్లమ్మను పిలిపించి చెప్పాను. నా బాధ్యత నిర్వర్తించానని అనుకున్నాను. ఆ తల్లి అక్కడే, నా ముందే పిల్లను కొట్టింది. ఆ తర్వాత పరీక్షలు అయ్యేదాకా ఆ అమ్మాయి నా క్లాసులో కూర్చుంది, హోంవర్క్ చేసింది, అడిగితే లేచి జవాబు చెప్పింది. నా ముఖం వైపు మాత్రం ఒక్కసారి చూడలేదు. పదో తరగతి అవగానే పెళ్లి చేసేశారని తర్వాత తెలిసింది. నేను ఆ నోట్‌బుక్ మూసి పెట్టెలో పెట్టేసి ఉంటే, ఏదో ఒక రోజు వాళ్ల నాన్న గురించి ఆ పిల్లే నాకు చెప్పేదేమో. అప్పుడు పెళ్లి గురించీ చెప్పేది. పెళ్లి ఆపడానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోన్ చాలు. ఆ ఫోన్ చేయాల్సిన మనిషిని నేనే, నాకు కబురు రాలేదు.

అందుకే మీ వార్డెన్ చేసిన పనిని నేను దుర్మార్గం అనను. ఆమె నాలాగే తన బాధ్యత చేశానని అనుకుని ఉంటుంది. కానీ పని తప్పు.

వార్డెన్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఒక్కో ఇన్‌చార్జి కింద వంద, నూట ఇరవై మంది పిల్లలుంటారు. ఒక పిల్ల గోడ దూకితే ముందు పోయేది ఆ మనిషి ఉద్యోగం. అడ్మిషన్ల సమయంలో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ల్యాబ్ ఎలా ఉంది, లైబ్రరీ ఉందా అని కాదు, 'స్ట్రిక్ట్‌గా ఉంటారా?' అని. కాలేజీలు మనం అడిగిందే అమ్ముతున్నాయి. పైగా భయాలు ఉత్తవి కావు. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల్లో ఉంది. ఆ లెక్క తెలిసిన ఏ ప్రిన్సిపాలూ మిద్దె తలుపు తాళం తీసి పెట్టి హాయిగా నిద్రపోలేరు.

కాబట్టి ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది విడదీసి చూడాలి. నా పద్ధతి సులువు. గేటు వేరు, పెట్టె వేరు. గేటు, ప్రహరీ గోడ, విజిటర్ల రిజిస్టరు, పిల్లను ఎవరు తీసుకెళ్తున్నారో ఫొటోతో సరిచూడడం, మిద్దెకు తాళం, రాత్రి రోల్ కాల్, ఇవన్నీ ప్రమాదాన్ని ఆపేవి. ఇవి ఎంత గట్టిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు, మీకూ ఉండకూడదు. పెట్టె, డైరీ, ఇంటికి మాట్లాడే మాట, స్నేహాలు, ఇవి పిల్ల మనసులోకి చొరబడేవి. వీటి జోలికి వెళ్లాలంటే గట్టి కారణం ఉండాలి, ఆ పిల్ల ఎదురుగా ఉండాలి, కారణం ఆ పిల్లకు చెప్పాలి.

సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు మీరు తెలుసుకోవాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో వచ్చిన తీర్పు అది. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. హాస్టళ్లలో ఉరికి వీలుకాని ఫ్యాన్లు పెట్టాలని, మిద్దెలు, బాల్కనీల మీదికి వెళ్లకుండా కట్టడి చేయాలని చెప్పింది. అదే తీర్పులో, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలని, మార్కుల ప్రకారం బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానాలని కూడా ఉంది. చాలాచోట్ల మొదటి భాగం అమలవుతుంది, ఎందుకంటే ఫ్యాన్ మార్చడానికి ఎలక్ట్రీషియన్ చాలు. రెండో భాగానికి మనుషులు కావాలి. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా అని మీరు అడగొచ్చు, అడగాలి.

కెమెరాల గురించి మీరు అడగలేదు కానీ వాటి ప్రస్తావన లేకుండా ఈ సంగతి పూర్తి కాదు. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక బడిలో ఏడేళ్ల బాబు హత్య జరిగాక సీబీఎస్‌ఈ తన బడులన్నింటికీ కెమెరాలు, సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరి అంది. 2025 జులైలో ఇంకో అడుగు వేసి, మరుగుదొడ్లు తప్ప మిగతా చోట్ల మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలని, పదిహేను రోజుల రికార్డింగ్ దాచాలని చెప్పింది. మీ పాప చదివే ఇంటర్ కాలేజీ సీబీఎస్‌ఈ కిందికి రాదు గానీ, గాలి అటే వీస్తోంది.

నేను కెమెరాలకు వ్యతిరేకిని కాదు. మా గురుకులంలో స్నానాల గదుల వెనక గోడ మీద బయటి కుర్రాళ్లు రాత్రిళ్లు కూర్చునేవారు. ఆ గోడ మీదికి లైటు, కెమెరా కావాలని దరఖాస్తు రాసి తెచ్చింది మా ఇంటర్ అమ్మాయిలే. ఎక్కడ పెడితే గోడ కనబడుతుందో, లోపలి వైపు కనబడదో వాళ్లే నిలబడి చూపించారు. ఆ కెమెరా మీద ఏ పిల్లా ఏనాడూ ఫిర్యాదు చేయలేదు. ఆ తర్వాత స్టడీ హాల్లో ఇంకోటి వచ్చింది. అదీ భద్రతకే అని చెప్పాం. పదిహేను రోజులు తిరక్కుండానే ఒక లెక్చరర్ అందులో చూసి 'నిన్న రాత్రి తొమ్మిదీ నలభైకి నువ్వు నిద్రపోతున్నావ్' అని ఒక పిల్లను అందరిలో నిలబెట్టారు. ఆ సాయంత్రం నుంచి పిల్లలు వెనక్కి తిరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. ఎందుకు పెట్టామని చెప్పామో దానికే వాడాలి. ఆ లెక్చరర్‌తో గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది, రికార్డింగ్ చూసే అధికారం నాకూ డిప్యూటీ వార్డెన్‌కూ తప్ప ఎవరికీ లేకుండా చేశాను. అయినా ఆ హాలు మీద పిల్లల అనుమానం ఆ ఏడాదంతా పోలేదు.

కెమెరా కంటే ఎక్కువ చెరుపు చేసేది ఇంకొకటుంది. పిల్లల చేత పిల్లల మీద చాడీలు చెప్పించుకోవడం. క్లాస్ లీడర్‌కు ఒక చాక్లెటో, ఒక అవుటింగో ఆశపెట్టి 'ఎవరేం చేస్తున్నారో నాకు చెప్పు' అనడం. నలుగురు చాడీలు చెప్పేవాళ్లుంటే నలభై మంది నోళ్లు మూతపడతాయి. ఆ లీడర్ పిల్లకు కూడా స్నేహితులు మిగలరు. నేను ప్రిన్సిపాల్ అయ్యాక మొదట ఆపించింది ఇదే.

తనిఖీలు అందరి మీదా ఒకేలా పడవని కూడా నేను చూశాను. డార్మెటరీలో రెండు వందల రూపాయలు పోతే ముందు ఎవరి పెట్టె తెరుస్తారు? సొట్టలు పడిన పెట్టె ఎవరిదో వాళ్లది. ఇంటి నుంచి ఎవరూ రాని పిల్లది. వెతికించుకుని, ఏమీ దొరక్క, 'సరే పో' అనిపించుకున్న పిల్ల ఇక పెద్దల దగ్గరికి ఏ మొహంతో వస్తుంది? మా దగ్గర చివరికి ఒక రూల్ పెట్టాం. పెట్టె తెరవాల్సి వస్తే ఆ పిల్లే తెరుస్తుంది, పగటిపూట, ఇద్దరు మహిళా సిబ్బంది ముందు, మిగతా పిల్లలు లేనప్పుడు. పెట్టెలో ఒక చిన్న గుడ్డ సంచి ఉంటుంది. అందులో నెలసరి సామాన్లు, ఉత్తరాలు, డైరీ. ఆ సంచిని బయట నుంచి తడిమి చూస్తాం, విప్పం. దొరకనప్పుడు 'ఇబ్బంది పెట్టాం, క్షమించమ్మా' అని చెప్పి వస్తాం. మొదట్లో సిబ్బంది నొచ్చుకున్నారు, పిల్లలకు క్షమాపణ చెప్పడమేమిటని. ఏడాది తిరిగేసరికి పిల్లలు తమంతట తామే ఫోన్లు తెచ్చి ఆఫీసులో ఇవ్వడం మొదలైంది. అందరూ కాదు. కానీ సెలవుల తర్వాత ఏడెనిమిది మంది వచ్చి 'మేడమ్, మా అన్నయ్య పెట్టెలో పెట్టేశాడు, మీ దగ్గర ఉంచండి' అనేవారు. అర్ధరాత్రి తనిఖీల్లో అన్ని ఫోన్లు నేనెప్పుడూ పట్టుకోలేదు.

ఇప్పుడు ఆదివారం ఫోన్. స్పీకర్‌లో పెట్టి వార్డెన్ వినడం చాలా కాలేజీల్లో ఉంది. కారణం అడిగితే, పిల్ల ఇంటికి కాకుండా ఇంకెవరికో చేస్తుందేమోనని అంటారు. అదే భయమైతే దానికి దారి ఉంది. తల్లిదండ్రులు ఇచ్చిన రెండు మూడు నంబర్లకే ఫోన్ కలపాలి, కలిసిందీ లేనిదీ చూసుకుని పదడుగులు పక్కకు వెళ్లి నిలబడాలి. కనబడేంత దూరం, వినబడనంత దూరం. మేం వరండా చివర కుర్చీ వేసి అక్కడ కూర్చునేవాళ్లం. పిల్ల ఏడిస్తే కనబడుతుంది, ఎందుకు ఏడుస్తోందో అమ్మకు మాత్రమే వినబడుతుంది. అంతకంటే భద్రత ఏం కావాలి? స్పీకర్‌లో మాట్లాడే పిల్లను ఎవరైనా సిబ్బందే వేధిస్తుంటే, ఆ సంగతి ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? ఈ ప్రశ్న మీ ప్రిన్సిపాల్ గారిని అడగండి. మర్యాదగానే అడగండి. దీనికి జవాబు చెప్పడం కష్టం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నమ్మకం అంటే రహస్యాలన్నీ దాచిపెడతామని మాటివ్వడం కాదు. నా దగ్గరికి ఏ పిల్ల వచ్చి 'మేడమ్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా' అన్నా, ముందే చెప్పేదాన్ని: 'నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందంటే దాచలేనమ్మా. కానీ ఎవరికి చెప్పేదీ ముందు నీకే చెబుతాను.' ఇలా అంటే వెనక్కి వెళ్లిపోతారేమో అని మొదట్లో భయపడ్డాను. ఒకరిద్దరు వెళ్లారు, రెండు రోజులాగి మళ్లీ వచ్చారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అది, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంది. మా దగ్గర అలాంటి ఒక సంగతి బయటికి వచ్చింది కెమెరా వల్ల కాదు, తనిఖీ వల్ల కాదు. తలనొప్పి మాత్రకని వచ్చిన పిల్లను స్టాఫ్ నర్స్ పక్కన కూర్చోబెట్టి జడ వేస్తుంటే వచ్చింది.

మీరు ఇప్పుడు చేయాల్సింది చెబుతాను.

ముందు మీవారి ఫోన్‌లో ఉన్న ఆ రెండు ఫొటోలు తీసేయించండి. బంధువులకు ఎవరికైనా పంపి ఉంటే వాళ్ల ఫోన్లలోంచి కూడా తీయించండి. తీసేశామని మీ పాపకు చెప్పండి. ఒక మినహాయింపు ఉంది. ఆ పేజీల్లో చనిపోవాలనుందని గానీ, ఎవరో ఇబ్బంది పెడుతున్నారని గానీ ఉంటే ఇంతవరకు రాసిందంతా పక్కన పెట్టి ఈ రోజే బయలుదేరి కాలేజీకి వెళ్లండి. పిల్ల పక్కన కూర్చోండి. ఇంటికి తీసుకొచ్చేయడం అవసరమైతే తీసుకొచ్చేయండి, చదువు ఎక్కడికీ పోదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

అలాంటిదేమీ లేకపోతే, విజిటింగ్ రోజు మీరొక్కరే వెళ్లండి. మీవారు రెండోసారి రావచ్చు. అవుటింగ్ అనుమతి తీసుకుని కాలేజీ ఆవరణ దాటి బయట కూర్చోండి. అన్నం తిననివ్వండి. తర్వాత ఒక్క మాట: 'నీ డైరీ చదవడం తప్పు. నాన్న అందరి ముందు అడగడం కూడా తప్పు.' అంతే. 'కానీ నువ్వు కూడా' అని మొదలుపెట్టకండి. డైరీలో ఉన్నదాని గురించి అడగకండి. ఆ పిల్ల ఏమీ అనకపోవచ్చు. లేచి చేయి కడుక్కోవడానికి వెళ్లిపోవచ్చు. ఫర్వాలేదు. పదహారేళ్ల పిల్లకు పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం కొత్త, దాన్ని ఏం చేసుకోవాలో వెంటనే తోచదు. మీవారు రెండో విజిటింగ్‌కు వచ్చినప్పుడు అదే మాట తన నోటితో చెప్పాలి. మీరు ఆయన తరఫున చెప్పడం సరిపోదు. ఆడపిల్లలకు నాన్న మాట వేరేగా తగులుతుంది, నేను ఎన్నోసార్లు చూశాను.

కాలేజీ విషయంలో, వార్డెన్‌తో గొడవ పెట్టుకోకండి. ఆ కోపం మీ పిల్ల మీదికే వెళ్తుంది. నేరుగా ప్రిన్సిపాల్‌ను కలిసి మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. తనిఖీ చేస్తే పగలు, పిల్ల ముందు చేయాలి, రాతలు చదవకూడదు, ఫొటో తీయకూడదు. ఫోన్ మాట్లాడేటప్పుడు వినకూడదు. కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు, పిల్లలు వార్డెన్‌కు చెప్పకుండా నేరుగా కలవొచ్చా. మీలాగే బాధపడుతున్న తల్లిదండ్రులు ఇంకో నలుగురు కలిస్తే మేలు. ఒక్కరి ఉత్తరానికి, ఐదుగురి ఉత్తరానికి ఇచ్చే విలువ వేరుగా ఉంటుంది. గేటు, అవుట్‌పాస్ నియమాలను మాత్రం ఆ ఉత్తరంలో సమర్థిస్తున్నామని రాయండి. అది నిజం కూడా, ప్రిన్సిపాల్‌కు కూడా మీరు తమ మీదికి రాలేదని అర్థమవుతుంది.

మూడింటిలో ఒకటీ కుదరదంటే, ఆ కాలేజీలోనే ఉంచాలా అన్నది ఆలోచించాలి. ఆ నిర్ణయం మీ పాపను అడగకుండా తీసుకోకండి. ఒక్కోసారి పిల్లలు కాలేజీ మీద కోపం ఉన్నా స్నేహితురాళ్ల కోసం ఉండాలనుకుంటారు.

ఇంకొకటి, మీ పాప ఆ పాత డైరీ మళ్లీ రాయకపోవచ్చు. కొత్తది కొనిచ్చి రాయమని బలవంతం చేయకండి. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తన వస్తువులకు ఒక బీరువా అర ఖాళీ చేసి తాళం చెవి తనకే ఇవ్వండి, రెండో తాళం చెవి ఉంటే అదీ ఇచ్చేయండి.

ప్రిన్సిపాల్‌ను కలిశాక ఏమన్నారో రాయండి. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే చెప్పండి, నమూనా నేను రాసి పెడతాను.